చెస్ ఇంజిన్ కోసం గేమింగ్ ల్యాప్‌టాప్ కొనాలా?

ప్రశ్న: మా అమ్మాయి రేటింగ్ టోర్నమెంట్లు ఆడుతోంది. గేములు స్టాక్‌ఫిష్‌లో (ఎత్తులు విశ్లేషించే చెస్ ప్రోగ్రాం, అంటే ఇంజిన్) చూసుకోవడానికి ల్యాప్‌టాప్ కొందామంటే, షాపువాళ్లు పెద్ద గ్రాఫిక్స్ కార్డున్న లక్షన్నర మోడల్ చూపిస్తున్నారు. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఒకరు 'స్టాక్‌ఫిష్ ఫాస్ట్, క్రాక్డ్' అని లింకు పంపారు. వేసుకోవచ్చా?
– ఓ తండ్రి, గుంటూరు

సెలవులొస్తే చాలు, ఇదే ఉత్తరం ఊరు మార్చుకుని వస్తుంది. స్టాక్‌ఫిష్ గ్రాఫిక్స్ కార్డు జోలికే పోదండీ. 2020లో దానికి న్యూరల్ నెట్‌వర్క్ చేర్చారు, నిజమే. కానీ అది ప్రాసెసర్ మీద నడిచే రకం. కార్డు కావలసింది లీలా లాంటి ఇంజిన్లకు. మీకు 8 కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ చాలు. ఆ మాటకొస్తే ఫోన్‌లో నడిచే స్టాక్‌ఫిష్‌నే ప్రపంచ చాంపియన్లు గెలవలేరు.

ఇంట్లోనే వాడేట్టయితే డెస్క్‌టాప్ తీసుకోండి. సన్నటి ల్యాప్‌టాప్‌లో ఇంజిన్ పెడితే మొదటి నిమిషంలో ఉన్న వేగం కాసేపటికి ఉండదు. వేడెక్కగానే ప్రాసెసర్ తనే నెమ్మదిస్తుంది. కీబోర్డు కింద రంగురంగుల లైట్లకు చోటు దొరుకుతుంది గానీ వేడి బయటికి పోవడానికి మాత్రం దొరకదు. ఇంకో సంగతి: స్టాక్‌ఫిష్ సొంత డిఫాల్ట్ సెట్టింగ్ 1 థ్రెడ్ (ఒక్క కోరుకు సరిపడా పని), 16 ఎంబీ హ్యాష్ (చూసిన ఎత్తులు గుర్తుపెట్టుకునే మెమరీ). వేలు పోసి మెషిన్ కొని, ఇవి మార్చకుండా 'స్లోగా ఉంది' అని నాకు రాసేవాళ్లే ఎక్కువ.

నాకు అసలు టెన్షన్ ఆ లింకుతోనే. స్టాక్‌ఫిష్ ఉచితం, సోర్స్ కోడ్ కూడా బహిరంగమే. డబ్బు కట్టాల్సిన సాఫ్ట్‌వేర్ తాళం విరగ్గొట్టడాన్ని క్రాక్ అంటారు, ఊరికే ఇచ్చేదానికి క్రాకేమిటి? అందులో క్రిప్టో మైనర్ (మీ ప్రాసెసర్‌ను దొంగచాటుగా వాడుకుని ఎవరికో క్రిప్టో కరెన్సీ సంపాదించిపెట్టే ప్రోగ్రాం) దూర్చి ఉంటే మీరు పట్టుకోలేరు. మామూలుగా ఫ్యాన్ హోరెత్తితే అనుమానం వస్తుంది. చెస్ ఇంజిన్ నడిచే ఇంట్లో ప్రాసెసర్ 100 శాతం చూపించినా 'పాప గేమ్ చూసుకుంటోందిలే' అనుకుంటారు. దాక్కోవడానికి దొంగకు ఇంతకంటే మంచి చోటుండదు. పైగా ఇలాంటి ఫైళ్లతో 'ముందు యాంటీవైరస్ ఆపండి' అని ఒక సలహా కూడా వస్తుంటుంది. అదే కంప్యూటర్‌లో మీరు బ్యాంకు పాస్‌వర్డ్ కొడతారు. స్టాక్‌ఫిష్‌కు అడ్మిన్ అనుమతి అక్కర్లేదు, గేమ్ విశ్లేషణకు ఇంటర్నెట్టూ అక్కర్లేదు. ఆ రెండూ అడిగిందంటే అక్కడే డిలీట్ చేయండి. ఇంజిన్‌ను దాని అధికారిక సైట్ నుంచే దించుకోండి.

ఇప్పటికే వేసేసి ఉంటే చెస్ ప్రోగ్రాం మూసేసి ఐదు నిమిషాలు కంప్యూటర్‌ను ముట్టుకోకండి. ఫ్యాన్ హోరు తగ్గకపోతే అనుమానించాల్సిందే. ఏ ప్రోగ్రాం ఎంత ప్రాసెసర్ వాడుతోందో చూపే టాస్క్ మేనేజర్ తెరవగానే ఆగిపోయే మైనర్లూ ఉన్నాయి, అందుకని అందులో ఏమీ కనిపించకపోయినా నిశ్చింతగా ఉండొద్దు. నెట్ తీసేసి, ఫైళ్లు వేరేచోట దాచుకుని విండోస్ మళ్లీ వేయించండి, పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. ఆ లింకు పంపినాయనకూ ఈ మాట చెప్పండి, ఆయన ఫ్యాన్ ఎన్నాళ్లుగా తిరుగుతోందో!