సంచీ పద్ధతిలో బీరు: పాత్ర సంగతి తర్వాత, ముందు మర చూడండి

మీరడిగింది ఇదీ: డబ్బాలో వచ్చే మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) పాకంతో బీరు చేయడం వచ్చు, ఇప్పుడు నేరుగా గింజలతో, సంచీ పద్ధతిలో (గింజల్ని గుడ్డ సంచీలో పోసి ఒకే గిన్నెలో నానబెట్టి, సంచీ తీసి అందులోనే మరిగించడం) మొదలుపెట్టాలనుంది, బరంపురంలో అద్దె ఇల్లు, వంటింటి గ్యాసే దిక్కు, ఏ పాత్ర కొనాలి?

మూతున్న 25 లీటర్ల స్టీలు గిన్నె ఏదైనా చాలు. పెళ్ళి వంటలవాళ్ళు వాడే అల్యూమినియం డేకిసా అయినా పరవాలేదు. కుళాయి, పంపు, గాజు కిటికీ ఉన్న పాత్రల వీడియోలు ఒక్కొక్కటి ముప్పావుగంట నడుస్తాయి, అదీ గ్యాలన్లలో, ఫారెన్‌హీట్‌లో. అవన్నీ చూసి డబ్బు తగలేసుకోకండి. 2000ల మధ్యలో ఆస్ట్రేలియా వాళ్ళు ఈ పద్ధతి తెచ్చిందే సామాను తగ్గించడానికి.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు పులియబెట్టడం ఇటు ఒడిశా ఎక్సైజ్ చట్టం, 2008 ప్రకారం, అటు మహారాష్ట్ర మద్యనిషేధ చట్టం, 1949 ప్రకారం నేరం. సిరొంచ వైపు వాళ్ళయితే ఆ ఆలోచనే మానుకోవాలి, గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది. ఈస్టు పడేదాకా గిన్నెలో ఉన్నది తియ్యటి మాల్టు కషాయమే కాబట్టి అక్కడిదాకా నేర్చుకోవచ్చు. ఆ పైన సాగాలా ఆగాలా అన్నది అనుమతి కాగితం చేతిలో ఉందో లేదో చూసుకుని తేల్చుకోండి.

ఇక అసలు విషయం. గింజలతో చేసే బీరు చెడిందంటే చాలాసార్లు తప్పు మర దగ్గరే. మాల్టు సరిగా పగలకపోతే ఎంత మంచి పాత్రలో, ఎంత కచ్చితమైన వేడిలో నానబెట్టినా లోపలి పిండి నీళ్ళకు అందదు, చక్కెరగా మారదు.

పర్లాకిమిడిలో ఒకాయన ఉన్నాడు. పంపుతో సహా అన్నీ కొన్నాడు. మాల్టు మాత్రం ఆన్‌లైన్లో 'ఆడించి పంపుతాం' అన్నచోట తెప్పించాడు. 1.045 రావాల్సిన గ్రావిటీ (కషాయంలో చక్కెర ఎంత దిగిందో చెప్పే సాంద్రత కొలత) 1.029 దగ్గర ఆగింది. థర్మామీటరు తప్పనుకుని ఇంకోటి కొన్నాడు. మళ్ళీ అంతే. నీళ్ళ తప్పనుకుని మినరల్ వాటర్ డబ్బాలు మోయించాడు. మళ్ళీ అంతే. చివరికి ఎవరో ఆ మాల్టు గుప్పెడు తీసి స్టీలు పళ్ళెంలో పోసి చూపించారు: మూడింట ఒక గింజ చెక్కుచెదరకుండా ఉంది, మిగతావాటిలో సగం రెండు ముక్కలై ఊరుకున్నాయి. అదే మాల్టును ఇంటి పక్కన గోధుమరవ్వ ఆడే మరకు పట్టుకెళ్ళి మరోసారి ఆడించాడు. అవే నీళ్ళు, అదే వేడి, గ్రావిటీ 1.044. రెండో థర్మామీటరు ఇప్పుడు పెట్టెలో ఊరికే పడుంది.

మాల్టు మిల్లుకు రెండు రోలర్లుంటాయి. ఈ పద్ధతికి వాటి మధ్య సందు 0.8 నుంచి 0.9 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. మామూలు పద్ధతిలో కాస్త బరకగా ఆడించమంటారు, ఎందుకంటే అక్కడ పొట్టే జల్లెడ. ఇక్కడ జల్లెడ పని సంచీ చేస్తుంది కాబట్టి సన్నగా ఆడించినా నష్టం లేదు. రోలరు మిల్లు లేదంటారా, పిండిమరకే వెళ్ళండి. రాళ్ళు ఎడం చేయించి ఉప్మారవ్వంత బరకగా ఆడించమనండి. గింజ నాలుగైదు ముక్కలవాలి, పొట్టు పేలికలుగా విడిపోవాలి, పిండి కొంచెం ఉండొచ్చు. పళ్ళెంలో వంద గింజలంత పోసి వేలితో పరిచి చూడండి, ఒక్కటి కూడా నిండు గింజ కనపడకూడదు. అంతకుముందు ఆ మరలో ఏం ఆడించారో అడగడం మరిచిపోవద్దు, కారం ఆడిన మరలో పోస్తే ఆ ఘాటు సీసా దాకా వస్తుంది. మిక్సీ వాడతామనేవాళ్ళు వంద గ్రాముల చొప్పున, రెండు మూడు సార్లు తిప్పీతిప్పకుండా తిప్పాలి. ఎక్కువ తిప్పితే మెత్తటి పిండి అవుతుంది, అది ఉండలు కడుతుంది, సంచీ కన్నాలు పూడుస్తుంది, అడుగున చేరి మాడుతుంది. రోలరు మిల్లయితే ఆడించే పది నిమిషాల ముందు కిలోకి 20 మిల్లీలీటర్ల నీళ్ళు చిలకరించి కలపండి, పొట్టు మెత్తబడి నలిగిపోకుండా ఉంటుంది. రాతిమరకు ఇది పనికిరాదు, రాళ్ళకు అంటుకుపోతుంది.

ఇంకోమాట. కిరాణా కొట్లో దొరికే బార్లీ గింజలు మాల్టు కాదు. వాటికి పొట్టు తీసేస్తారు, మొలకెత్తవు, పిండిని చక్కెర చేసే ఎంజైములు వాటిలో ఉండవు. రాత్రంతా నానబెట్టినా వచ్చేది గంజే. చోళ్ళు (రాగులు) మొలకెత్తించి కలపొచ్చా అని కొరాపుట్, రాయగడ వైపు నుంచి తరచు అడుగుతుంటారు. కలపొచ్చు, నూటికి పదిహేను పాళ్ళు మించకుండా, అదీ విడిగా జావ కాచి పోయాలి. చోళ్ళలోని పిండి ఉడకడానికి బార్లీ కంటే ఎక్కువ వేడి కావాలి.

సంచీకి పల్చటి పాలియెస్టరు కర్టెన్ గుడ్డ తీసుకోండి. నూలు గుడ్డ, పాత పంచె వద్దు: నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, కన్నాలు మూసుకుపోతాయి. దోమతెర వద్దు, దాని కన్నాలు మరీ పెద్దవి. గిన్నె లోపల మొత్తం పరుచుకుని అంచు బయటికి మడిచేంత పెద్దగా కుట్టించండి, అడుగు కుట్టు రెండు వరసలు వేయించండి. సంచీ చిన్నదైతే గింజలు అడుగున ముద్దగా పడి నీళ్ళతో కలవవు. గిన్నె అడుగున ఒక ఇడ్లీ రేకు బోర్లించి పెడితే మంట వెలిగించినప్పుడు సంచీ కాలదు.

కొలతలు పది లీటర్ల బీరుకు చెబుతాను, వంటింటి గ్యాసుకు అంతకుమించి పెట్టుకోవద్దు. పేల్ మాల్టు 2.4 కిలోలు, నీళ్ళు 15.5 లీటర్లు, మొత్తం ఒకేసారి. ఇందులో సుమారు 1.6 లీటర్లు గింజలు తాగేస్తాయి, గంట మరుగుకు రెండున్నర లీటర్లు ఆవిరవుతాయి, అడుగు మడ్డి కింద లీటరు పోతుంది, మిగిలేది సుమారు పది. మీ పొయ్యి మీద ఎంత ఆవిరవుతుందో ఉత్త నీళ్ళు గంట మరిగించి ముందే కొలుచుకోండి.

గింజలు పోసే ముందు నీళ్ళు 68 డిగ్రీలుండాలి, గింజలు పడ్డాక 66కి దిగుతుంది. ఇది గింజలు 30 డిగ్రీల గదిలో ఉన్నప్పటి లెక్క. చలికాలం కొరాపుట్‌లో గింజలే పదిహేను డిగ్రీలుంటే నీళ్ళు 69 దాటాలి. మంట ఆర్పి, గింజలు కొద్దికొద్దిగా పోస్తూ తెడ్డుతో ఉండలు చిదపాలి. మూతపెట్టి పాత దుప్పటి చుట్టి గంట వదిలేయండి. అరగంటకోసారి కలిపి వేడి చూడండి. థర్మామీటరు ఒకేచోట ముంచి నమ్మొద్దు, పైన 64, నడుమ 68 ఉండడం మామూలే, కలిపాకే చూడాలి. 64 వైపు ఉంటే బీరు పల్చగా, పొడిగా వస్తుంది, 68 వైపు ఉంటే ఒళ్ళున్నట్టు చిక్కగా వస్తుంది. 75 దాటితే ఎంజైములు చచ్చిపోతాయి, ఇక చక్కెర పుట్టదు. గంటయ్యాక ఒక చుక్క సాసరులో వేసి టించర్ అయోడిన్ కలపండి. నీలినలుపు తిరిగితే పిండి ఇంకా మిగిలిందని అర్థం, ఇంకో అరగంట ఉంచండి. ఆ చుక్క గిన్నెలో పోయకూడదు.

తర్వాత సంచీ ఎత్తి ఉయ్యాల కొక్కేనికి కట్టి కారనివ్వండి. కొక్కెం లేకపోతే గిన్నె మీద చిల్లుల పళ్ళెం పెట్టి దాని మీద కూర్చోబెట్టండి. చేతికి రబ్బరు గ్లవ్స్ తొడుక్కుని గట్టిగా పిండండి. పిండితే వగరొస్తుందని చెప్పేవాళ్ళు చెబుతూనే ఉంటారు. వగరు పిండడం వల్ల రాదు, నీళ్ళ పీహెచ్ (పులుపు, క్షారం చెప్పే అంకె) 6 దగ్గరికి పోయి వేడి కూడా 77 దాటినప్పుడు పొట్టులోంచి దిగుతుంది.

ఆ పీహెచ్ దగ్గరే బోరు నీళ్ళు దెబ్బకొడతాయి. నీళ్ళన్నీ ఒకేసారి పోస్తాం కాబట్టి ఉప్పునీటి క్షారం తక్కువ గింజల మీద పడుతుంది, 5.2–5.6 మధ్య ఉండాల్సింది పైకి పోతుంది. సగం ఆర్‌ఓ నీళ్ళు కలపండి, ఒక చిటికెడు కాల్షియం క్లోరైడ్ వేయండి. మునిసిపాలిటీ కుళాయి నీళ్ళయితే బ్లీచింగు వాసన పోవాలి, లేదంటే బీరు ఆసుపత్రి కట్టు వాసనేస్తుంది. అర చిటికెడు పొటాషియం మెటాబైసల్ఫైట్ దీనికి చాలు.

మరిగించే ముందు గ్రావిటీ 1.036 ఉండాలి. గ్రావిటీ కొలిచే హైడ్రోమీటరు 20 డిగ్రీలకు లెక్క, మన గదుల్లో 30 డిగ్రీల దగ్గర చూస్తే 0.0025 కలపాలి. ఇది తెలియక గ్రావిటీ తక్కువొచ్చిందని కంగారుపడేవాళ్ళున్నారు. నిజంగానే తక్కువైతే 200 గ్రాముల పంచదార ఏడు పాయింట్లు (0.007) పెంచుతుంది, కానీ రుచి పల్చబడుతుంది.

మొదటి పొంగు పాలపొంగులాగే ఒక్కసారిగా వస్తుంది, మూత తీసి గరిటె పట్టుకుని పక్కనే నిలబడండి. ఆల్ఫా (చేదునిచ్చే ఆమ్లం) 10 శాతమున్న హాప్స్, అంటే బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు, 10 గ్రాములు మరుగు మొదట్లో, సువాసనకు కాస్కేడ్ రకం హాప్స్ 10 గ్రాములు చివరి పది నిమిషాల్లో. మరుగు గంట, మూత లేకుండా. మూత పెడితే ఉడికిన క్యాబేజీ వాసన బయటికి పోదు.

చల్లార్చడం మన తీరంలో తలనొప్పి. కుళాయి నీళ్ళే 30 డిగ్రీలు, చల్లార్చడానికి ముంచే రాగి గొట్టం ఎంత పెద్దదైనా 35 కిందికి దించదు. గిన్నెను తొట్టెలో పెట్టి, ముందు మామూలు నీళ్ళు రెండుసార్లు మార్చి, 50 కిందికి వచ్చాకే ఐసు వేయండి. ముందే వేస్తే ఐసు దండగ.

మామూలు ఏల్ ఈస్టుకు 18–20 డిగ్రీలు కావాలి. గోపాలపూర్, బరంపురం గాలిలో తేమ ఎక్కువ, తడిగుడ్డ చుట్టినా ఆరదు, చల్లబడదు. మహారాష్ట్ర వైపు రాజురా, బల్లార్‌పూర్ పొడి ఎండల్లో ఆ తడిగుడ్డే నాలుగైదు డిగ్రీలు దించుతుంది. పాత ఫ్రిజ్జు లేనివాళ్ళు గంజాం ఎండలో అమెరికన్ ఈస్టు వేసి, వార్నిష్ వాసనొచ్చిందని ఏడవడం కంటే నార్వే పల్లెల క్వైక్ ఈస్టు, వోస్ రకం వేసుకోవడం మేలు. దానికి 35 డిగ్రీలే సుఖం. ఇంత తక్కువ గ్రావిటీలో దానికి కాస్త ఈస్టు ఆహారం కూడా వేయాలి, లేదంటే మధ్యలో మొరాయిస్తుంది. 11 గ్రాముల ఈస్టు పొట్లంలో సగం చాలు, మిగతాది మూతిబిగించి ఫ్రిజ్జులో.

వరుసగా మూడు రోజులు గ్రావిటీ కదలకపోతేనే సీసాలకెత్తండి. లీటరుకు 6.5 గ్రాముల పంచదార, మరిగించి చల్లార్చి కలిపాక. స్పూనుతో సీసాకింత అని వేయకండి, ఎక్కువైన సీసా పేలుతుంది, గాజు గోడలో దిగుతుంది.

పిండేసిన గింజలు సాయంత్రంలోగా పక్కింటి ఆవు కుడితిలో కలిపేయమనండి, రాత్రి దాటితే పులిసి కంపుకొడతాయి. హాప్స్ మడ్డి మాత్రం గింజల్లో కలపకండి, వీధిలోనూ పారబోయకండి. కుక్క తింటే ఒళ్ళు మండిపోయేంత జ్వరమొచ్చి చచ్చిపోవచ్చు. కాగితంలో చుట్టి మూతున్న చెత్తబుట్టలో వేయండి.