జపాన్ యానిమేకీ చైనా వూషియా సీరియళ్ళకీ కథ చెప్పే తీరులో నిజంగా పోలిక ఉందా?

జపాన్ యానిమేషన్ సీరియళ్ళైన యానిమే బాగా చూసినవారికి వూషియా, అంటే చైనా యుద్ధవిద్యల సీరియల్, మొదటిసారి చూసినా ఎక్కడో చూసిన కథలా ఎందుకు అనిపిస్తుంది, ఆ పోలిక నిజమేనా, లేక కత్తులూ గాలిలో ఎగరడాలూ చూసి మనమే అలా అనుకుంటున్నామా అన్నది ఇక్కడి ప్రశ్న. నేను యానిమే వైపు నుంచి వచ్చినవాణ్ణి. కాలేజీ రోజుల్లో నింజా కుర్రాడి కథ నరుటో 220 ఎపిసోడ్లూ, ఆ తరువాత దాని కొనసాగింపు షిప్పూడెన్ 500 ఎపిసోడ్లూ, మధ్యలో సాగదీసిన వాటితో సహా వదలకుండా చూశాను. ఉద్యోగంలో చేరాక ఒక వర్షాకాలంలో, వూషియా రచయిత జిన్ యోంగ్ నవల ఆధారంగా 2017లో వచ్చిన 'లెజెండ్ ఆఫ్ ద కాండార్ హీరోస్' 52 ఎపిసోడ్లు సబ్‌టైటిళ్ళతో చూసి, నచ్చి, నవల కూడా చదివాను. పోలిక ఉందనే నా అభిప్రాయం. అయితే అది కత్తుల్లో లేదు. విద్య నేర్చుకోవడాన్నే కథగా నడపడంలో ఉంది.

ఆ కథలో నాయకుడు గువో జింగ్ మందబుద్ధి. ఏడుగురు గురువులు ఏళ్ళ తరబడి నేర్పినా అతనికి వచ్చింది తక్కువే. అతని వెంట ఉన్న హువాంగ్ రోంగ్ మాత్రం మహా తెలివైన పిల్ల, వంటలో చేయి తిరిగినది. హోంగ్ చీగోంగ్ అనే బిచ్చగాళ్ళ నాయకుడికి తిండిపోతుతనం ఎంతటిదంటే, దానివల్ల ఒక ముఖ్యమైన పని చెడిందని తన వేలు తానే నరుక్కున్నవాడు. ఆ పిల్ల అతనికి రోజుకో రకం వండిపెడుతూ, ప్రతి విందుకీ ఒక పట్టు చొప్పున గువో జింగ్‌కు నేర్పేలా చేస్తుంది. మొదట నేర్పిన దెబ్బ పేరుకు అర్థం 'గర్వించిన డ్రాగన్‌కు పశ్చాత్తాపం తప్పదు' అని. గువో జింగ్ ఒక పైన్ చెట్టును పట్టుకుని బలంకొద్దీ కొడుతుంటే గురువు వచ్చి, చెట్టును ఊపుతున్నావెందుకని వెక్కిరిస్తాడు. చెట్టు ఊగిందంటే నీ బలాన్ని అది పోగొట్టేసిందని అర్థం, ముందు అది కదలకుండా కొట్టడం నేర్చుకో, విరగ్గొట్టడం తరువాతి సంగతి అంటాడు. ఈ దెబ్బలో సారం గర్వంలో కాదు పశ్చాత్తాపంలో ఉందనీ, పది పాళ్ళ బలం బయటికి వెళితే ఇరవై పాళ్ళు లోపల మిగలాలనీ చెబుతాడు.

ఈ సన్నివేశం చూస్తున్నప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చినది నరుటో అరచేతిలో శక్తిని బంతిలా తిప్పి కొట్టే రాసెంగాన్ అనే దెబ్బ నేర్చుకున్న ఘట్టం. అక్కడా శిష్యుడు మొద్దే, గురువు జిరాయా కూడా పెద్దమనిషి తరహా ఉన్నవాడేమీ కాదు. మొదట నీళ్ళు నింపిన బెలూన్‌ను లోపలి నీటిని తిప్పి పగలగొట్టాలి, తరువాత రబ్బరు బంతిని పగలగొట్టాలి, మూడో మెట్టులో గాలి బెలూన్ లోపల తుపాను రేపి కూడా దాన్ని పగలనివ్వకూడదు. మొదటి మెట్టు రహస్యాన్ని నరుటో ఒక పిల్లికూన బెలూన్‌తో ఆడుకోవడం చూసి పట్టుకుంటాడు. చెట్టును ఊపకుండా కొట్టడానికీ, బెలూన్‌ను పగలకుండా నింపడానికీ తేడా ఏముంది? రెండు చోట్లా బలం వేరు, దాన్ని పట్టి ఉంచడం వేరు. ఆ రెండోదాన్ని నేర్పడానికి ఇద్దరు కథకులూ ఉపన్యాసం ఇవ్వకుండా ఒక వస్తువును శిష్యుడి చేతికిచ్చారు. తరువాత ఎప్పుడో పెద్ద యుద్ధంలో ఆ దెబ్బ పడినప్పుడు మనకు ఒళ్ళు పులకరించేది ఆ చెట్టునూ ఆ బెలూన్‌నూ మనం మరిచిపోలేదు కాబట్టే.

పోలికకు మూలాలూ ఉన్నాయి. చైనీయులు 'చీ' అనే ప్రాణశక్తిని జపానులో 'కి' అంటారు, అక్షరం వారి నుంచి వెళ్ళినదే. నరుటోలో దానికి మన సంస్కృతపు 'చక్ర' అన్న పేరు పెట్టారు గానీ, అందులోని హ్యూగా వంశం వారు వేలితో పొడిచి శరీరంలోని నాడుల కూడళ్ళను మూసేయడం వూషియాలో ఎప్పటి నుంచో ఉన్న విద్య. ఆ వంశపు కుర్రాడు నెజీ కొట్టే 64 దెబ్బల లెక్క ప్రాచీన చైనా గ్రంథం 'ఈ జింగ్'లోని 64 సంకేతాల లెక్క. ఇందాకటి గర్వించిన డ్రాగన్ మాటా ఆ గ్రంథం మొదటి సంకేతంలోనిదే. డ్రాగన్ బాల్ అనే మరో జపాన్ కథ సంగతి చెప్పనే అక్కర్లేదు, చైనా పురాణకథలోని సున్ వూకోంగ్ అనే వానర వీరుడి పేరును జపాను పలుకుబడిలో చదివితే దాని నాయకుడి పేరు సోన్ గోకూ అవుతుంది.

ఇంత చెప్పినా, ఒకరిని చూసి ఒకరు రాశారనడం కన్నా ఇద్దరూ ఒకే ఒత్తిడిలో రాశారనడం సరైనదని నాకు అనిపిస్తుంది. జిన్ యోంగ్ ఈ నవలను 1957 నుంచి 1959 దాకా హాంగ్‌కాంగ్ దినపత్రికలో రోజుకో ముక్కగా రాశారు. అకిరా తోరియామా డ్రాగన్ బాల్‌ను 1984 నుంచి 1995 దాకా వారపత్రికలో 519 అధ్యాయాల బొమ్మల కథగా గీశారు. పాఠకుడు మర్నాడు పత్రిక కొనాలంటే అవతల ఇంకో కొండా, కొండమీద ఇంకో గురువూ, ఈ గురువును కూడా ఓడించిన ఇంకొకడూ ఉండి తీరాలి. దెబ్బకు పేరు పెట్టి గట్టిగా పలకడం కూడా, ఎప్పుడో చదివినదాన్ని పాఠకుడికి చటుక్కున గుర్తుచేసే ఉపాయమే.

ఆ మాట మీద మా నాన్నగారు గుర్తొస్తున్నారు. తెర మీద ఇద్దరు శత్రువులు కొట్టుకోవడం ఆపి గతం తవ్వుకుంటుంటే ఆయన పేపరు పక్కన పెట్టి, "ఆ మాటలన్నీ అయ్యేదాకా అవతలివాడు ఆగుతాడేంట్రా?" అన్నారు. దూరదర్శన్ మహాభారతంలో రెండు బాణాలు ఆకాశంలో నింపాదిగా ఎదురెదురుగా వస్తుంటే వీధి వీధంతా ఊపిరి బిగబట్టి చూసిందని చెప్పినదీ ఆయనే.

ఆ గతం తవ్వుకోవడమే నాకు అన్నిటికన్నా నచ్చే పోలిక. గువో జింగ్ కథలో మెయ్ చావోఫెంగ్ మనుషుల పుర్రెల్లోకి వేళ్ళు దించే రాక్షసిగా పరిచయమవుతుంది. ప్రేమించినవాడితో కలిసి గురువు దగ్గర గ్రంథం దొంగిలించి పారిపోయిన పిల్ల అని తరువాత తెలుస్తుంది. చివరికి ఆ గురువు మీద పడబోయిన దెబ్బకు తాను అడ్డుపడి చనిపోతుంది. నరుటోలో గారా అనే కుర్రాడి కథా ఇలాగే, ముందు భయపెట్టి ఆ తరువాతే బాల్యాన్ని చూపిస్తుంది.

విడిపోయే చోటు ముగింపు. నరుటో తన ఊరికి ఏడవ హోకాగే, అంటే నాయకుడు, అయి తీరతాడు, ఆ కుర్చీ కోసమే కథంతా నడిచింది. వూషియా వీరుడికి పదవి అంటగట్టబోతే తప్పించుకుని కొండల్లోకి వెళ్ళిపోతాడు. గువో జింగ్ ఈ రెండు దారుల్లోనూ ఇమడడు. మంగోలుల నుంచి షియాంగ్‌యాంగ్ నగరాన్ని కాపాడుతూ భార్యతో సహా అక్కడే ప్రాణం విడుస్తాడు, ఆ మరణం కూడా మనకు కనిపించదు, ఈ వరుసలోని మూడో నవలలో ఎవరో చెప్పగా తెలుస్తుంది. యానిమే అలవాటున్నవారు 52 ఎపిసోడ్లకు ముందే రుచి చూడాలనుకుంటే, కాండార్ హీరోస్‌కు వెంటనే వచ్చే తరువాయి నవలను 2001లో నిప్పన్ యానిమేషన్ అనే జపాన్ సంస్థే యానిమేగా తీసింది, మొదటి విడత 26 ఎపిసోడ్లు.