చిన్న సంస్థలకు డబ్బు ఇచ్చేటప్పుడు నమ్మి వదిలేయాలా, ప్రతి రూపాయికీ లెక్క అడగాలా?

డాలస్‌లో ఉన్న కొన్ని కుటుంబాలు కలిసి సొంత జిల్లాలోని చిన్న సేవాసంస్థలకు ఏటా కొంత ఇవ్వాలనుకుంటున్నామని, షరతులు లేకుండా ఇస్తే తినేస్తారేమోనని భయంగా ఉందని రాశారు. నేను అనంతపురం జిల్లాలో వైకల్యం ఉన్న పిల్లల డే కేర్ సెంటర్‌లో కొన్నేళ్లు లెక్కలు చూశాను. డబ్బు పుచ్చుకునే వైపు కూర్చున్న మనిషిగా చెప్తున్నా: నమ్మకం కుదిరేదాకా ఇవ్వకండి, కుదిరాక వెంటపడకండి. విచారణంతా డబ్బు పంపేముందే కానిచ్చేయండి.

ఒక కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీలు సమాజ సేవకు కేటాయించే డబ్బు) కింద మాకు ఫిజియోథెరపీ సామాను ఇచ్చింది. నడక నేర్పే బార్లు, వీల్‌చైర్లు, గోడకు నిలువెత్తు అద్దం, ప్రారంభోత్సవానికి ఫ్లెక్సీ. పిల్లల్ని తెచ్చే ఆటోకి మాత్రం ముందు మేమే పెట్టుకోవాలి, మూడు నెలలకోసారి బిల్లులు చూసి ఇస్తామన్నారు. పల్లెల్లో తిరిగే ఆటో అబ్బాయి బిల్లు ఎక్కణ్నుంచి తెస్తాడు? వోచర్ మీద రెవెన్యూ స్టాంపు అంటించి, సంతకం పెట్టించి పంపితే ‘సపోర్టింగ్ లేదు’ అని తిప్పి పంపారు. ఒకరి దగ్గర చేబదులు, ఇంకొకరి దగ్గర అప్పు. చివరికి డీజిలుకు డబ్బుల్లేక అతను రావడం మానేశాడు. ఆటో రాకపోతే పిల్లలు రారు, పిల్లలు రాకపోతే ఆ బార్లు ఎవరికి? ఆయా జీతం బడ్జెట్‌లోనే లేదు. అది ‘అడ్మిన్’, అంటే ఆఫీసు నిర్వహణ ఖర్చు అట! పిల్లల్ని ఎత్తుకుని బాత్‌రూమ్‌కి తీసుకెళ్లే మనిషి అడ్మిన్ ఎలా అవుతుందో నాకిప్పటికీ అంతుపట్టదు. సీఎస్ఆర్ నిబంధనల్లోని 5 శాతం పరిమితి కంపెనీ సొంత నిర్వహణ ఖర్చుకు పెట్టింది. ప్రాజెక్టును నడిపే ఖర్చు అందులోకి రాదని 2021 సవరణల్లోనే రాసుంది. అయినా తెచ్చి సంస్థల నెత్తిన రుద్దుతుంటారు.

అదే రోజుల్లో ఊళ్లోని కొందరు రిటైర్డ్ టీచర్లు ఏటా కొంత పోగేసి ఇచ్చేవాళ్లు. పెద్ద మొత్తమేం కాదు. “దేనికి అవసరమైతే దానికి వాడుకోమ్మా” అనేవారు. ఆయా జీతం, అద్దె, ఆటో బకాయి అన్నీ దాంతోనే గట్టెక్కాయి. వాళ్లు టీ తాగడానికి వచ్చినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పుకునేవాళ్లం: ఫలానా పిల్లాడి అమ్మానాన్న బెంగళూరుకి వలస పోయారు, థెరపిస్ట్ వేరే ఉద్యోగం వెతుక్కుంటున్నాడు అని. కంపెనీ ఫారంలో వీటికి గడే లేదు, టార్గెట్ ఎంత, సాధించింది ఎంత, అంతే.

పెద్ద స్థాయిలో అమెరికా కోటీశ్వరురాలు, అమెజాన్ జెఫ్ బెజోస్ మాజీ భార్య మెకెంజీ స్కాట్ 2020 నుంచి చేస్తున్నది ఇలాంటిదే. ఆమె తరఫువాళ్లు ముందు సంస్థ గురించి బాగా ఆరా తీస్తారు, ఆపైన ఖర్చు ఎలా పెట్టాలన్నది సంస్థకే వదిలేస్తారు. మన దేశంలో పాత బట్టలు సేకరించి పల్లెలకు చేర్చే గూంజ్ అనే సంస్థకి కూడా ఆ డబ్బు అందింది.

మీరు ఆరా తీయాల్సింది ఏమిటంటే, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్ కాగితాలు (12ఏ, 80జీ అంటుంటారు), స్వచ్ఛంద సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన దర్పణ్ పోర్టల్‌లో నమోదు. బ్యాంకులో సంతకాలు పెట్టే ఇద్దరూ మొగుడూ పెళ్లాలైతే కాస్త ఆలోచించండి. అన్నిటికన్నా ముఖ్యం, ఊళ్లో ఉన్న మీవాళ్లెవరినైనా మామూలు పనిరోజున పంపండి. ఆఫీసులో కూర్చోబెట్టి చూపించే ఫొటోల ఆల్బమ్ పక్కన పెట్టి, పిల్లల తల్లుల్ని పలకరించమనండి. పది నిమిషాల్లో తెలిసిపోతుంది. మొదటి ఏడాదే వాళ్ల వార్షిక ఖర్చును మించి ఇవ్వకండి, చిన్న సంస్థ ఆ బరువుకి తట్టుకోలేదు. రిపోర్టు కావాలంటే వేరే దాతకు రాసిందే పంపమనండి, లేదా ఫోన్లో మాట్లాడండి.

మీ విషయంలో అసలు చిక్కు చట్టంతో వస్తుంది. మీలో అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ, ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే అది తీసుకోవాలి. రిజిస్ట్రేషన్ రావాలంటే మామూలుగా మూడేళ్లలో 15 లక్షలు సేవకు ఖర్చుపెట్టి ఉండాలి, మాలాంటి సెంటర్లకు అది అందని మాట. పెద్ద సంస్థకు పంపి చిన్నవాటికి పంచమందామంటే 2020 సవరణతో ఆ దారీ మూసేశారు. ఆ డబ్బులో పరిపాలన ఖర్చు కూడా 20 శాతం దాటకూడదు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద లెక్కకు రాదు. కాబట్టి అందరి డబ్బూ ఒక ఖాతాలో కలపకండి, ముందు ఒక సీఏతో మాట్లాడండి.

కనీసం మూడేళ్లకు మాటివ్వండి. ఆపేయాలనుకుంటే ఏడాది ముందే చెప్పండి. డబ్బు ఏ నెలలో వస్తుందో కూడా ఇప్పుడే చెప్పేస్తే మంచిది. జూన్ అయితే మరీ మేలు, ఆటో మాట్లాడుకునేది అప్పుడే.