మిషన్ ట్రిప్‌కి వెళ్తున్న మేనకోడలికి

అమ్మడూ,

మీ చర్చి టీమ్‌తో, పెద్దవాళ్లూ వైకల్యం ఉన్నవాళ్లూ ఉండే కేర్ హోమ్‌కి వాలంటీర్‌గా వెళ్తున్నావని అన్నయ్య చెప్పాడు. చాలా సంతోషం. స్కిట్టు, పాటలు, గిఫ్టులు అన్నీ రెడీ అని నువ్వు పెట్టిన మెసేజ్ కూడా చూశాను. ఇలాంటి చోట్ల ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని కదా, కాసేపు అత్త చాదస్తం భరించు.

అది మీకు ట్రిప్పు, అక్కడుండేవాళ్లకి ఇల్లు. అందుకే గది తలుపు తట్టి, లోపలినుంచి జవాబు వచ్చాకే అడుగు పెట్టు. మంచం మీద కూర్చోవాలంటే అడుగు. వీల్‌చైర్ పట్టుకోవాలన్నా అడుగు. వెనకనుంచి వచ్చి ఎవరో కుర్చీని తోసేస్తే ఎంత బెదురుగా ఉంటుందో ఒకసారి నువ్వు కూర్చుని చూస్తే తెలుస్తుంది. ఏటవాలు బాగా ఉన్నచోట దింపాల్సి వస్తే కుర్చీని వెనక్కి తిప్పి, నువ్వు కింద వైపు ఉండి, మెల్లగా దించాలి. ఆపిన ప్రతిసారీ బ్రేకులు వెయ్యి.

స్కిట్టు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు అక్కడి ఇన్‌ఛార్జికి ఫోన్ చేసి, "మేం వస్తే మీకు ఏ పని తగ్గుతుంది?" అని అడగండి. బట్టలు మడతపెట్టడం, తోటలో కలుపు తియ్యడం, కిటికీలు తుడవడం లాంటివి చెప్తారు. మొహం మాడ్చుకోకండి. వచ్చిన టీమ్‌కి పని కల్పించడమే సిబ్బందికి అదనపు పనైతే, మీరు రాకపోయినా బాగుండేది అనుకుంటారు. పైకి మాత్రం అనరు. ఆ పనులు కూడా వీలైతే అక్కడుండేవాళ్లతో కలిసే చెయ్యండి. 1940లో స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్ దగ్గర డాక్టర్ కార్ల్ కోనిగ్, ఆయనతో వచ్చిన శరణార్థులు మొదలుపెట్టిన క్యాంప్‌హిల్ సమాజాల పద్ధతి ఇదే. వైకల్యం ఉన్నవాళ్లు, లేనివాళ్లు ఒకే ఇంట్లో ఉంటారు, కలిసి పనిచేస్తారు. పక్కపక్కన కూర్చుని తువ్వాళ్లు మడతపెడుతుంటే వచ్చే మాటలు స్టేజీ మీదనుంచి రావు.

ఇప్పుడు భోజనం. వాలంటీర్లు మంచి మనసుతో ప్రమాదం తెచ్చేది ఎక్కువగా ఇక్కడే. పక్షవాతం వచ్చినవాళ్లలో, మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లలో, కొన్ని రకాల వైకల్యాలలో మింగడం కష్టమవుతుంది. తిన్నది ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా రావచ్చు. అందుకే కొందరికి తిండి మెత్తగా చేసి, నీళ్లు కూడా చిక్కగా కలిపి ఇస్తారు. పాపం అడుగుతోంది కదా అని నీ బ్యాగులో బిస్కెట్ తీసి ఇవ్వకు. గ్లాసుడు నీళ్లైనా సరే, నర్సునో కేర్‌టేకర్‌నో అడిగాకే. తినిపించమని వాళ్లే చెప్తే మనిషిని నిటారుగా కూర్చోబెట్టించు, ఎదురుగా అదే ఎత్తులో కూర్చో, చిన్న స్పూనుతో పెట్టు. మింగారని చూశాకే తర్వాతి ముద్ద. మధ్యలో ఫోన్ చూడకు.

చంకల కింద చేతులు పెట్టి ఎవర్నీ లేపకు, వాళ్ల భుజం దెబ్బతింటుంది, నీ నడుమూ పోతుంది. ఎవరికైనా ఫిట్స్ వస్తే సిబ్బందిని పిలిచి టైమ్ చూడు. చుట్టుపక్కల గట్టి వస్తువులు తీసెయ్యి, తల కింద మెత్తటిది పెట్టి, మనిషిని ఒక పక్కకి తిప్పు. నోట్లో ఏమీ పెట్టకు, గట్టిగా అదిమి పట్టుకోకు. ఐదు నిమిషాలు దాటితే అత్యవసరం. ఇక వెళ్లే రోజుల్లో నీకే జలుబో జ్వరమో ఉంటే ట్రిప్పు మానుకో. నీకు రెండ్రోజుల్లో తగ్గేది అక్కడి పెద్దవాళ్లని ఆసుపత్రి పాలు చెయ్యొచ్చు.

మతిమరుపు ఉన్నవాళ్లని "నేనెవరో గుర్తుందా?" అని పరీక్షించకు, రోజూ నీ పేరు నువ్వే చెప్పు. ఎప్పుడో పోయిన అమ్మ కోసం ఎదురుచూస్తున్నారనుకో, పోయిందని సరిదిద్దకు, వాళ్లకి అది కొత్త చావు కబురే. "మీ అమ్మ ఎలా ఉండేది?" అని అడిగి విను. నలభై ఏళ్ల మనిషితో ముద్దుముద్దుగా మాట్లాడకు. జవాబుకి టైమ్ పడితే ఆగు, వాక్యం నువ్వు పూర్తి చెయ్యకు.

ప్రార్థన గురించి మీ పాస్టర్‌గారికి నచ్చకపోయినా చెప్తాను. లేచి వెళ్లిపోలేని మనిషి ముందు ప్రసంగం చెయ్యడం నాకు సబబు అనిపించదు. చెయ్యమంటారా అని అడగండి, వద్దంటే నవ్వుతూ వేరే కబురు చెప్పండి. ఫోటోలూ అంతే. ఆ మనిషి ఒప్పుకోవాలి, సంస్థా ఒప్పుకోవాలి. "సేవ చేస్తున్నాం" అని స్టేటస్ పెట్టుకోవడానికైతే అసలు వద్దు.

పోలీస్ వెరిఫికేషన్ అడిగారని మీవాళ్లు చిన్నబుచ్చుకున్నారట. అడగని చోటు గురించే నాకు బెంగ. ఝాన్ వనియే 1964లో ఫ్రాన్స్‌లో, ఒక సంస్థలో ఉంటున్న మానసిక వైకల్యం గల మనుషుల్ని తన ఇంటికి తెచ్చుకుని లార్ష్ సమాజం మొదలుపెట్టాడు. లోకమంతా ఆయన్ని పుణ్యాత్ముడంది. ఆయన పోయాక, 2020లో లార్ష్ సంస్థే స్వయంగా విచారణ ఫలితాలు బయటపెట్టింది. ఆధ్యాత్మిక మార్గదర్శనం పేరుతో కనీసం ఆరుగురు స్త్రీలని ఆయన లైంగికంగా వాడుకున్నాడని తేలింది. వాళ్లు వైకల్యం ఉన్నవాళ్లు కారు. అయినా మంచి పేరు ఎవరికీ హామీ కాదని నేను నేర్చుకున్నది అక్కడే. మూసిన గదిలో ఎవరితోనూ ఒంటరిగా ఉండకు. ఎవరైనా బాధ చెప్పుకుంటే "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకు, అదే రోజు బాధ్యులకి చెప్పు.

చివరి రోజు ఎప్పుడో మొదటి రోజే చెప్పెయ్యండి. మళ్లీ వస్తామని మాత్రం అనకండి, కొందరు రోజులు లెక్కపెట్టుకుంటూ గుమ్మం వైపు చూస్తారు. ఉత్తరం రాయగలిగితేనే రాస్తానని చెప్పు, చెప్పాక తప్పకుండా రాయి. జారని చెప్పులు వేసుకో, గోళ్లు కత్తిరించుకో, ఉంగరాలూ వేలాడే చెవిపోగులూ ఇంట్లోనే పెట్టి వెళ్లు.

దీవెనలతో,
మీ అత్త