ఫోన్‌కి లొంగని హెడ్‌ఫోన్

ప్రశ్న: సెన్‌హైజర్ హెచ్‌డీ 650 కొన్నాను. ఫోన్ డాంగిల్‌కి (ఫోన్‌కీ హెడ్‌ఫోన్‌కీ మధ్య పెట్టే చిన్న అడాప్టర్) పెడితే, వాల్యూమ్ నిండా పెంచినా కచేరీ పేలవంగా వినిపిస్తోంది. మెట్రోలోనూ పనికొచ్చే పోర్టబుల్ ఆంప్లిఫయర్ చెప్పండి.
– ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: ముందుగా మెట్రో సంగతి. మీది ఓపెన్‌బ్యాక్ హెడ్‌ఫోన్, అంటే చెవి కప్పుల వెనుక భాగం మూసి ఉండదు. రైలు రొద మీ చెవిలోకి, మీ పాట పక్కవారి చెవిలోకి పోతాయి. ఏ ఆంప్లిఫయరూ దీన్ని ఆపలేదు.

ఆ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ (విద్యుత్ ప్రవాహానికి అది చూపే అడ్డు) 300 ఓమ్‌లు, కాబట్టి కావలసింది వోల్టేజి. 1 వోల్టుకి 103 డెసిబెల్స్ ఇస్తుంది. మృదంగం దెబ్బ 110 తాకాలంటే సుమారు 2.2 వోల్టులు కావాలి. చిన్న డాంగిల్స్ చాలావరకు 1 వోల్టు దగ్గరే ఆగిపోతాయి. 4 వోల్టులిచ్చేది తీసుకోండి. పెట్టె మీద 32 ఓమ్‌ల దగ్గర 500 మిల్లీవాట్లని గొప్పగా రాస్తారు; 300 దగ్గర అదే 53కి పడిపోతుంది. కంగారొద్దు, మీకది చాలు.

4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ సాకెట్ (ఎడమ, కుడి ఛానెళ్ల నెగటివ్‌లు విడివిడిగా ఉండేది) వాడితే తగిన కేబులే వేయండి. మామూలు 3.5 పిన్‌ని అడాప్టర్‌తో అందులో గుచ్చితే రెండు ఛానెళ్ల నెగటివ్‌లు కలిసిపోయి ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు.