బీచ్ పక్కన రిసార్ట్ వస్తోంది, ప్రజాభిప్రాయ సేకరణ సభ ఎప్పుడు పెడతారు?

కలెక్టర్ గారి సభ ఎప్పుడో తెలిస్తే ఊరంతా వెళ్లి మాట్లాడదామని అడిగారు. ఆ సభ కోసం ఎదురుచూడకండి, చాలామటుకు అసలు పెట్టరు.

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ ఉన్నది పెద్ద ఫ్యాక్టరీలకు, గనులకు. రిసార్ట్ భవన నిర్మాణం కింద లెక్క. 20,000 చదరపు మీటర్లు దాటితే పర్యావరణ అనుమతి తీసుకోవాలి గానీ, సభ అక్కర్లేదని అందులోనే మినహాయించేశారు. మా మండలంలో మందుల ఫ్యాక్టరీకి షామియానాలు వేసి, మైకులు పెట్టి, వీడియో తీసి మరీ సభ జరిపారు. అది చూసినవాళ్లు రిసార్ట్‌కీ అలాగే పిలుస్తారనుకుంటే తప్పేముంది?

మీరు పట్టుకోవాల్సింది సీఆర్‌జెడ్‌ని, అంటే సముద్రతీరం దగ్గర కట్టడాల మీద ఉన్న నియమాల్ని. హైటైడ్ లైన్ (పోటు వేళ నీళ్లు వచ్చే గీత) నుంచి 500 మీటర్ల లోపు రిసార్ట్ కట్టాలంటే ఫైలు రాష్ట్ర తీరప్రాంత యాజమాన్య సంస్థ దగ్గరికి వెళ్లాలి. కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో కంపెనీ పెట్టిన మ్యాపులు, రిపోర్టు ఉంటాయి. ముందు వాటిని ప్రింట్ తీయించి, చేపలవేటకి వెళ్లే పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. మా దగ్గర రిపోర్టులో ఆ చోటు 'ఖాళీ ఇసుక నేల, సరుగుడు తోట' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పడవలు ఒడ్డుకి లాగేది, వలలు ఆరేసేది, మా ఆడవాళ్లు చేపలు ఎండబెట్టేది అక్కడే! తెల్లవారుజామున వేట నుంచి పడవలు వచ్చే వేళకి ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఫొటోలు తీశాం. వాళ్ల మ్యాపు మీదే ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టి, రిజిస్టర్డ్ పోస్టులో ఆ సంస్థకి పంపాం. ఒక కాపీ కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నాం. రిసార్ట్ ఆగలేదు లెండి. కానీ గోడ వెనక్కి జరిగింది, పడవల చోటు మిగిలింది.

ఉత్తరంలో 'పర్యావరణం నాశనమవుతుంది' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. నియమం చూపించండి. బీచ్ రిసార్ట్‌ల మార్గదర్శకాల ప్రకారం రెండు రిసార్ట్‌ల మధ్య జనం సముద్రానికి వెళ్లడానికి కనీసం 20 మీటర్ల దారి వదలాలి. ఇసుక దిబ్బల్ని చదును చేయకూడదు. హైటైడ్ లైన్ నుంచి 200 మీటర్ల లోపు భూగర్భజలం తోడకూడదు. ఈ బోర్ల సంగతి మాత్రం అస్సలు వదలకండి. ఎండాకాలం రాత్రింబవళ్లు మోటార్లు ఆడితే ముందు ఉప్పెక్కేది మీ ఊరి బావులే.

పంచాయతీ తీర్మానం కూడా జతచేస్తే మంచిది, సర్పంచ్ గారు కలిసొస్తే.

అనుమతి వచ్చేస్తే చెన్నైలోని ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) బెంచ్‌లో 30 రోజుల్లోగా అప్పీలు వేయాలి. అయితే పనులు మొదలయ్యాక కోర్టు మీదే ఆశ పెట్టుకోవద్దు. విశాఖ రుషికొండ మీద పాత రిసార్ట్ కూల్చి కొత్తది కడుతున్న విషయంలో 2022 మేలో ఎన్‌జీటీ పనులు ఆపమంది. జూన్‌లో సుప్రీంకోర్టు, పాత కట్టడాలు ఉండి అప్పటికే చదునైన మేరకు కట్టుకోవచ్చంది. ఫైలు సంస్థ దగ్గర ఉండగానే మీ ఉత్తరం అందాలి.

సర్వే నంబర్లు, జిల్లా పేరు ఇక్కడ రాయండి, పరివేష్‌లో ఎలా వెతకాలో చెప్తాను.