షేర్‌పాయింట్ సైట్లు క్లౌడ్‌కి మారుస్తున్నావా తమ్ముడూ, ముందు ఇది చదువుకో

తమ్ముడూ,

మీ ఆఫీసు సర్వర్‌లో ఉన్న షేర్‌పాయింట్ (ఆఫీసు ఫైళ్లు దాచి పంచుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) సైట్లన్నీ క్లౌడ్‌కి మార్చే పని నీకు అప్పజెప్పారని తెలిసింది, సంతోషం. ఏ టూల్ మంచిదని అడిగావు కదా, దానికి జవాబు ఒక్క లైన్లో అయిపోతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌పీఎంటీ, అంటే షేర్‌పాయింట్ మైగ్రేషన్ టూల్, ఫ్రీనే, 2010 నుంచి 2019 దాకా ఉన్న సర్వర్ వెర్షన్ల నుంచి లాగుతుంది, మామూలు ఫైల్ షేర్లు (ఆఫీసు నెట్‌వర్క్‌లో అందరూ వాడే ఫోల్డర్లు) కూడా లాగుతుంది, ముందు దాంతోనే మొదలెట్టు, చాలకపోతే అప్పుడు కొనేవి చూద్దువుగాని. టూల్ గురించి అంతకంటే బుర్ర పాడుచేసుకోకు. ఈ పనిలో ముప్పావు వంతు టూల్ ఓపెన్ చెయ్యకముందే ఉంటుంది, ఏ సైటు ఎవరిదో తేల్చుకోడంలో. అది తేలకుండా కాపీ మొదలెట్టిన ప్రాజెక్టులు నేను చూసినంతలో మధ్యలో ఆగిపోయినవే ఎక్కువ.

మీ మేనేజర్‌కి డేట్లు కావాలి కాబట్టి అవి రాసి పెట్టుకో. 2013 వెర్షన్‌కి సపోర్ట్ 2023 ఏప్రిల్ 11నే అయిపోయింది, 2016కి 2019కి రెండిటికీ ఆఖరు తేదీ ఒకటే, 2026 జూలై 14. ఇన్ఫోపాత్ ఫారాలకి (మైక్రోసాఫ్ట్ వాళ్ల పాత ఫారాలు కట్టే సాఫ్ట్‌వేర్) కూడా అదే తేదీ. ఇవి చూపిస్తే టైమూ మనుషులూ అడగడం కాస్త తేలికవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఒక ఎక్సెల్ షీట్ తీసుకుని సైటు పేరు, సైజు, చివరిసారి ఎప్పుడు మార్చారు, ఓనర్ ఎవరు, ఏం చెయ్యాలి అని ఐదు కాలమ్స్ పెట్టు, మొదటి మూడూ సర్వర్ నుంచి స్క్రిప్ట్‌తో వచ్చేస్తాయి, నాలుగోది మాత్రం ఏ స్క్రిప్టూ ఇవ్వదు. సైట్ అడ్మిన్ అని ఉన్న పేరు చూస్తే ఆయన ఉద్యోగం మానేసి ఏళ్లయి ఉంటుంది, లేదంటే సైటు పెట్టిన ఐటీ వాడి పేరే ఉంటుంది. "ఈ సైటు ఎవరిదో చెప్పండి" అని ఆఫీసు మొత్తానికి మెయిల్ కొడితే ఒక్కరూ చెప్పరు, అందరికీ పంపింది ఎవరికీ పంపనట్టే. చివరిగా ఫైళ్లు ఎవరు మార్చారో చూసి ఆ మనిషికి విడిగా ఫోన్ చెయ్, ఆవిడకి తెలియకపోతే ఆవిడ హెడ్‌ని అడుగు. అప్పటికీ తేలకపోతే సైటుని రీడ్ ఓన్లీలో, అంటే చూడ్డమే తప్ప మార్చలేకుండా, పెట్టెయ్, కొన్నాళ్లు ఆగు, ఎవరు ఫోన్ చేసి అరిస్తే వాళ్లదే ఆ సైటు. ఈ కిటుకు అకౌంట్సు, లీగల్ వాళ్ల సైట్ల మీద మాత్రం వాడకు, వాళ్లు ఏడాదికొకసారి ఆడిట్‌కి మాత్రమే తెరిచే లైబ్రరీలు (సైటులో ఫైళ్లు పెట్టే చోట్లు) ఉంటాయి, ఆ ఫోన్ నీకు పని మొత్తం అయ్యాక వస్తుంది.

ఓనర్ దొరికాక ఐదో కాలమ్ వాళ్ల చేతే నింపించు. తీసుకెళ్లాలా, ఆర్కైవ్‌గా విడిగా దాచాలా, డిలీట్ చెయ్యాలా, ఈ మూడే ఆప్షన్స్. "అన్నీ తీసుకెళ్లండి, ఎందుకైనా మంచిది" అంటారు, దాదాపు అందరూ అంటారు, అప్పుడు లెక్క చూపించు. మామూలు బిజినెస్ ప్లాన్లలో షేర్‌పాయింట్‌కి ఇచ్చేది సంస్థ మొత్తానికి 1 టీబీ, దాని మీద ఒక్కో లైసెన్సుకి 10 జీబీ, అంటే 300 మంది ఉన్న ఆఫీసుకి సుమారు 4 టీబీ, దాటితే డబ్బు కట్టాలి. వినడానికి చాలానే ఉన్నట్టుంటుంది కానీ అక్కడ ఫైల్ మార్చినప్పుడల్లా మిగిలే పాత కాపీలని, అంటే ప్రతి వెర్షన్‌నీ, పూర్తి సైజుతో లెక్కేస్తారు, 10 ఎంబీ ఉన్న ఒక ప్రెజెంటేషన్‌కి 200 వెర్షన్లుంటే అదొక్కటే 2 జీబీ మింగుతుంది. టూల్‌లో వెర్షన్లు ఎన్ని తీసుకెళ్లాలో సెట్టింగ్ ఉంటుంది, ఓనర్ ప్రత్యేకంగా అడిగితే తప్ప అన్నీ లాగకు.

పర్మిషన్ల దగ్గర కాస్త నిదానంగా వెళ్లు, ఎందుకంటే ఇక్కడ తప్పు జరిగితే బయటపడేది చాలా ఆలస్యంగా. పాత సర్వర్‌లో ఏళ్ల తరబడి ఎవరికి తోచినట్టు వాళ్లు ఫోల్డర్ ఫోల్డర్‌కీ విడివిడిగా యాక్సెస్ ఇచ్చుకుంటూ పోయి ఉంటారు, దాన్ని ఉన్నది ఉన్నట్టు మోసుకెళ్తే ఆ గందరగోళం కూడా నీతో వస్తుంది. ఒక లైబ్రరీలో విడిగా పర్మిషన్ పెట్టిన ఐటమ్స్ 50,000 దాటకూడదు, మైక్రోసాఫ్ట్ వాళ్లు 5,000 లోపే ఉంచుకోమంటారు. అసలు భయం అది కాదులే. పాత పోర్టల్‌లో అందరికీ యాక్సెస్ ఉన్న ఫోల్డర్ ఏదో మూల ఉన్నా ఎవరికీ కనపడేది కాదు, ఎందుకంటే అక్కడ సెర్చ్ సరిగ్గా పనిచేసేదే కాదు! క్లౌడ్‌లో సెర్చ్ బాగా పనిచేస్తుంది, పైగా మైక్రోసాఫ్ట్ వాళ్ల ఏఐ సహాయకుడు కోపైలట్ లాంటివి ఆన్ చేశారంటే నీకు యాక్సెస్ ఉన్నదంతా వెతికి తెచ్చి ముందు పెడుతుంది, జీతాల షీటు అడగకుండానే ఎవడి స్క్రీన్ మీదో ప్రత్యక్షమవుతుంది. అందుకని ఎవ్రీవన్ అని ఇచ్చిన గ్రూపులు ఎక్కడెక్కడున్నాయో ముందే లిస్ట్ తీయించు, ఓనర్లని కూర్చోబెట్టి ఒక్కొక్కటీ తేల్చు. మానేసిన ఉద్యోగుల పేర్లు కొత్త చోట దొరకవు కాబట్టి యూజర్ మ్యాపింగ్ ఫైల్ ఒకటి తయారు చేసుకో, పాత లాగిన్ పక్కన కొత్త లాగిన్.

దీనికే ముడిపడ్డ ఇంకోటి, చెకౌట్ చేసిన ఫైళ్లు, అంటే ఒకరు మార్చడానికి తమ పేరు మీద పట్టుకుని ఉంచినవి, తిరిగి అందరికీ వదిలితే అది చెకిన్. ఎవరో ఫైల్ అప్‌లోడ్ చేసి ఒక్కసారి కూడా చెకిన్ చెయ్యకుండా వదిలేస్తారు, అది వాళ్లకి తప్ప ఇంకెవరికీ కనపడదు, నీ కౌంట్‌లోకి రాదు, తర్వాత "నా ఫైల్ పోయింది" అని వస్తారు. లైబ్రరీ సెట్టింగ్స్‌లో చెకిన్ వెర్షన్ లేని ఫైళ్లని మేనేజ్ చేసే లింక్ ఒకటి ఉంటుంది, దాంట్లోకి వెళ్లి ఓనర్‌షిప్ నువ్వు తీసుకుని చెకిన్ చేసెయ్, కాపీ మొదలెట్టకముందే.

పేర్ల గొడవ తొందరగా చెప్పేస్తా. క్లౌడ్‌లో ఫైల్ దారి మొత్తం 400 అక్షరాలు దాటకూడదు, సైటు పేరు దగ్గర్నుంచి ఫైల్ పేరు చివరి దాకా కలిపి. స్టార్, కోలన్, ప్రశ్న గుర్తు, డబుల్ కోట్స్ లాంటివి పేర్లలో ఉండకూడదు, హ్యాష్, పర్సెంట్ ఇప్పుడు పర్లేదు. కానీ 400 లోపుంది కదా అని ఊరుకోకు, ఆ ఫైల్‌ని వన్‌డ్రైవ్ యాప్‌తో కంప్యూటర్‌లోకి సింక్ చేసుకున్నాక (అంటే కాపీ తెచ్చి పెట్టుకున్నాక) అక్కడి దారి 218 దాటితే ఎక్సెల్ తెరవనంటుంది. అందుకే ఫోల్డర్ లోపల ఫోల్డర్ లోపల ఫోల్డర్ పద్ధతి ఇక్కడితో ఆపించు, పాత సబ్‌సైట్లని కూడా విడివిడి సైట్లుగా విడగొట్టి పైన వాటిని కలిపి ఉంచే ఒక హబ్ సైటు పెట్టుకో, రేపు డిపార్ట్‌మెంట్లు అటూ ఇటూ మారినా హబ్ మార్చుకుంటే సరిపోతుంది.

లింకులు. ఇది ఎవరూ ముందు అడగరు, తర్వాత అందరూ అడిగేది ఇదే. ఒక అకౌంట్స్ ఫైల్ తీసుకో, నెలవారీ సమ్మరీ షీటు, అందులో ఒక సెల్ మీద క్లిక్ చేసి ఫార్ములా బార్‌లో చూడు, పాత సర్వర్ పేరుతో మొదలై ఇంకో వర్క్‌బుక్‌లోని ఇంకో షీటు దాకా వెళ్తుంటుంది. ఫైల్ క్లౌడ్‌కి క్షేమంగా చేరుతుంది, టూల్ సక్సెస్ అని చూపిస్తుంది, ఆ ఫార్ములా మాత్రం ఇంకా పాత సర్వర్‌నే వెతుకుతుంటుంది. ఘోరం ఏంటంటే పాత సర్వర్ ఆన్‌లో ఉన్నన్నాళ్లూ అంకెలు వస్తూనే ఉంటాయి, పాత అంకెలు! ఎవరికీ అనుమానం రాదు. ఎక్సెల్‌లో డేటా ట్యాబ్ కింద ఎడిట్ లింక్స్ ఉంటుంది, కొన్ని వెర్షన్లలో వర్క్‌బుక్ లింక్స్ అని ఉంటుంది, ముఖ్యమైన ఫైళ్లకి ఓనర్లనే పక్కన కూర్చోబెట్టుకుని అక్కడ సోర్స్ మార్పించు. వర్డ్ ఫైళ్లలో లింకులు, జనాల బుక్‌మార్కులు, పాత మెయిళ్లలో పంపుకున్న అడ్రసులు, వీటన్నిటినీ వెతికి మార్చడం మనవల్ల కాదు, పాత అడ్రస్ కొట్టినవాళ్లని కొత్త సైటుకి పంపేలా పాత వెబ్ సర్వర్‌లో రీడైరెక్ట్ పెట్టు, కనీసం ఒక ఏడాది ఉండనీ.

పాత వర్క్‌ఫ్లోలు (అప్రూవల్ లాంటి పనుల్ని వాటంతటవే నడిపించేవి) ఉంటే వాటికి విడిగా ప్లాన్, విడిగా మనిషి, విడిగా టైమ్ అడుగు. 2010 తరహావి క్లౌడ్‌లో 2020 నవంబర్‌లోనే ఆపేశారు, 2013 తరహావాటికి 2026 ఏప్రిల్ 2 ఆఖరు, కాబట్టి ఏదున్నా మైక్రోసాఫ్ట్ వాళ్ల కొత్త టూల్ పవర్ ఆటోమేట్‌లో కొత్తగా కట్టుకోవాల్సిందే, ఇన్ఫోపాత్ ఫారాలు పవర్ యాప్స్‌లో. సర్వర్ మీద ఎవరో కోడ్ రాసి ఇన్‌స్టాల్ చేసిన ఫార్మ్ సొల్యూషన్లు అయితే అసలు వెళ్లవు. వెంటనే కొత్తవి కట్టడానికి దిగకు, ఆ అప్రూవల్ వర్క్‌ఫ్లో ఇప్పుడు ఎవరైనా వాడుతున్నారా అని అడుగు, చాలాసార్లు "అదా, మేం మెయిల్లోనే చేసుకుంటున్నాం" అనే వస్తుంది.

ఇక కాపీ. ముందు ఒక చిన్న సైటు, మాట పడినా నొచ్చుకోని టీముది, తీసుకుని చేసి చూడు. మామూలుగా డ్రాగ్ చేసి వేస్తే ఎవరు ఎప్పుడు తయారుచేశారన్న వివరాలు పోతాయి, అన్నీ నీ పేరు మీద ఇవాళ్టి తేదీతో కూర్చుంటాయి, కాబట్టి "పది ఫైళ్లే కదా" అని ఎవరినీ చేత్తో లాగనివ్వకు. స్పీడ్ నీ ఇంటర్నెట్ ఒక్కదాని మీదే ఆధారపడదు, అవతల మైక్రోసాఫ్ట్ వాళ్లు ఎక్కువ రిక్వెస్టులు వస్తే 429 ఎర్రర్‌తో నిన్ను ఆగమంటారు, పగలు మరీ ఎక్కువ, అందుకని రాత్రులూ వీకెండ్లూ నడుపు. లక్ష చిన్న ఫైళ్లు అదే సైజున్న కొన్ని పెద్ద ఫైళ్ల కంటే చాలా ఎక్కువ టైమ్ తింటాయి, జీబీలు చూసి ఎవరికీ డేట్ ఇవ్వకు, ఆ మొదటి చిన్న సైటు ట్రయల్‌లో గంటకి ఎన్ని ఐటమ్స్ వెళ్లాయో చూసి ఇవ్వు. అయ్యాక ఐటమ్ రిపోర్ట్ సీఎస్‌వీ తెరిచి ఫెయిలైనవాటిని ఎర్రర్ ప్రకారం సార్ట్ చేస్తే వేల లైన్లలో కారణాలు మాత్రం నాలుగైదే అని తేలుతుంది.

మొదటి కాపీ అవుతున్నప్పుడు జనాన్ని పాత చోటే పని చేసుకోనివ్వు, తర్వాత శుక్రవారం సాయంత్రం పాత సైటు రీడ్ ఓన్లీ చేసి మారినవి మాత్రం మళ్లీ లాగు. ఈ మధ్యలో పాత చోట డిలీట్ చేసిన ఫైల్ కొత్త చోట అలాగే ఉండిపోతుంది, పేరు మార్చింది రెండు పేర్లతో ఉండొచ్చు, ఓనర్‌కి ముందే చెప్పు. సోమవారం పొద్దున్నే అందరూ ఒకేసారి సింక్ బటన్ నొక్కితే నెట్‌వర్క్ నిలబడదు, బ్రౌజర్‌లోనే వాడమని, తప్పదంటే ఒక్క ఫోల్డర్‌కే షార్ట్‌కట్ పెట్టుకోమని చెప్పు, ఒక మనిషి సింక్ చేసేవి మొత్తం 3,00,000 ఫైళ్లు దాటితే కంప్యూటర్ నత్తలా నడుస్తుంది. రీసైకిల్ బిన్‌లో 93 రోజులు ఉంటాయి కదా, అదే బ్యాకప్ అని మీవాళ్లు ఎవరైనా అంటే ఒప్పుకోకు, బ్యాకప్ సంగతి విడిగా తేల్చుకో.

పాత సర్వర్ మాత్రం వెంటనే ఆపకు. రీడ్ ఓన్లీలో ఒక త్రైమాసికం ముగింపు దాటనిచ్చి, ఆపే తేదీ ఓనర్లందరికీ రాతపూర్వకంగా చెప్పి, ఒక వారం ముందుగా రీడైరెక్ట్ తప్ప మిగతాదంతా ఆఫ్ చేసి చూడు, ఆ ఎక్సెల్ లింకుల్లో మిగిలినవి అప్పుడు బయటపడతాయి. నీ ఓనర్ల షీటు సగం నిండాక నాకు పంపు, ముందు ఏ సైట్లు తీసుకోవాలో కలిసి చూద్దాం.

ఇట్లు
అక్క